నీళ్ళక్క గెలిచిన మధ్యాహ్నం

మా ఆయనకు ఒక్కతే అక్క. నాకు వదిన. రోడ్డు మీద జరిగే సైకిల్ పందేల్లో పదకొండేళ్ళు జీతం తీసుకుని తొక్కిన మనిషి. ఆ లోకంలో ఆమెను పేరుపెట్టి పిలిచినవాళ్ళు లేరు. సొంత జట్టుకే కాదు, ఎదుటి జట్లకు కూడా ఆమె నీళ్ళక్కే.

సంగతి గుడ్ల దగ్గర మొదలైంది. మా మామగారిది గుడ్ల దుకాణం. పందొమ్మిదేళ్ళప్పుడు వదిన పొద్దున్నే సైకిల్ వెనక ఎనిమిది అట్టలు కట్టుకుని హోటళ్ళకు వేసి వచ్చేది. అట్టకు ముప్పై గుడ్లు. ఒకరోజు లేవడం ఆలస్యమై గబగబా తొక్కుతుంటే, రోడ్డు మీద రంగురంగుల బనీన్లు వేసుకుని సాధన చేస్తున్న అమ్మాయిల గుంపు అడ్డం వచ్చింది.

"కాస్త పక్కకి జరగండమ్మా, హోటల్లో తిడతారు నన్ను" అని గంట కొట్టి, వాళ్ళందర్నీ దాటుకుని వెళ్ళిపోయింది.

ఆ గుంపు వెనకాల మోపెడ్ మీద వస్తున్న కోచ్ నోరు తెరుచుకుని చూశాడు. హోటల్ వెనక గుమ్మం దాకా వెంటపడి వచ్చాడు. చూసింది ఆమె కాళ్ళ వంక కాదు, అట్టల వంక.

"ఒక్కటి కూడా పగల్లేదే!"

"పగిలితే మా నాన్న నన్ను పగలగొడతాడు సార్."

నెల తిరిగేసరికి ఆమె జట్టులో ఉంది. అక్కడ తెలిసింది, ఈ పందెంలో అందరూ గెలవడానికి తొక్కరని. జట్టుకు ఒక కెప్టెన్. మిగతావాళ్ళు ఆమెకు గాలి తగలకుండా ముందు తొక్కాలి, చక్రం పంక్చరైతే తమది ఊడదీసి ఇవ్వాలి, దాహమేస్తే నీళ్ళు అందించాలి. నీళ్ళు జట్టు కారులో ఉంటాయి. ఆ కారు గుంపు వెనక ఎక్కడో వస్తుంటుంది. కాబట్టి ఒకరు వెనక్కి జారి, కారు కిటికీ దగ్గర సీసాలు తీసుకుని, బనీను వెనక జేబుల్లో, మెడ దగ్గర్నుంచి వీపులోకి కుక్కుకుని, నూటయాభై మందిని తప్పించుకుంటూ మళ్ళీ ముందుకు రావాలి. మామూలు మనిషి ఆరు తెస్తుంది. మా వదిన పది తెచ్చేది, ఒక్కటి జారేది కాదు. ఇంకేముంది, నీళ్ళక్క అయిపోయింది.

అలా తొమ్మిదేళ్ళు. నాలుగొందల పందేలకు పైనే తొక్కింది. అన్నింట్లోకీ పెద్ద ఘనత ముప్పై ఒకటో స్థానం. "ఎప్పుడూ గెలవవేంటి వదినా?" అని నేను ఒకసారి నోరుజారి అడిగితే, ఆమె నొచ్చుకోలేదు సరికదా, నా వైపు జాలిగా చూసింది. "మా కెప్టెన్ పదకొండు గెలిచింది. ఆ పదకొండూ నా నీళ్ళు తాగే గెలిచింది."

ఇక ఆ రోజు. ఐదురోజుల పందెంలో నాలుగో రోజు, మండే ఎండ. ఏ రోజు గీత దగ్గర ఆ రోజు గెలుపు వేరుగా లెక్కిస్తారు. నేను పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తాను, పేర్లు రాసుకుని రోగుల్ని లోపలికి పంపడం నా పని. బయట గదిలో టీవీ ఉంటుంది. పందెం పెట్టుకుని ఓ కన్ను అటే వేసి ఉంచాను.

ఇంకా ముప్పై ఎనిమిది కిలోమీటర్లుందనగా గుంపంతా ఒక్కటిగా ఉంది. మా వదిన పది సీసాలతో వెనక నుంచి వస్తోంది. కెప్టెన్ గుంపుకి ముందు వరసలో, రోడ్డుకి ఎడమ అంచున ఉంది. వదిన కుడి అంచున వచ్చింది. సరిగ్గా అప్పుడే రోడ్డు దిగువకు తిరిగింది. ఒంటి మీద ఆరు కిలోల నీళ్ళు. సైకిల్ ఆగుతుందా? సర్రున జారి, అందర్నీ దాటి, కింద ఉన్న రైలు పట్టాలు కూడా దాటేసింది. ఆమె దాటాక గంట మోగింది. గేటు పడింది.

గూడ్సు బండి వచ్చింది. సగం దాటింది. ఆగింది!

గేటుకు అవతల నూటనలభై తొమ్మిది మంది. ఇవతల మా వదిన.

పందెం నియమం ఏమిటంటే, గేటు పడకముందే దాటినవాళ్ళది వాళ్ళ అదృష్టం, ఆగిపోయినవాళ్ళది వాళ్ళ ఖర్మ. కానీ వదినకు గేటు సంగతే తెలీదు. ఆమె చెవిలో చిన్న రేడియో ఉంటుంది, కారులోంచి మేనేజరు మాట్లాడతాడు. వాళ్ళ మాటలు తరవాత జట్టంతా కథలా చెప్పుకున్నారు.

"తొక్కు తల్లీ, తొక్కు!"

"కెప్టెన్ కనపడట్లేదు సార్. నీళ్ళన్నీ నా దగ్గరే ఉండిపోయాయి."

"తాగు!"

"ఎవరు సార్?"

"నువ్వే! నీళ్ళు నువ్వు తాగు!"

"నేనా?"

తొమ్మిదేళ్ళలో ఆ మాట ఆమెతో ఎవరూ అనలేదు మరి.

వెంట వస్తున్న కెమెరా మోటారుసైకిల్ అతన్ని చూసి, "మీరెళ్ళండి బాబూ, పందెం వెనకాలుంది" అని చేత్తో సైగ చేసింది. అతను పగలబడి నవ్వుతూ పలక చూపించాడు. వెనకవాళ్ళు నాలుగు నిమిషాల దూరంలో ఉన్నారని దాని మీద రాసి ఉంది. ఆ క్షణంలో ఆమె మొహం చూడాలి! పరీక్ష తప్పాననుకున్న పిల్లకు తరగతిలో మొదటి ర్యాంకు వచ్చిందని చెబితే ఎలా ఉంటుందో అలా ఉంది.

నేను కుర్చీలోంచి లేచి కేక పెట్టాను. "మా వదిన! అది మా వదిన!" గదిలో ఉన్నవాళ్ళంతా టీవీ చుట్టూ మూగారు. లోపల డాక్టరుగారు ఒక పెద్దాయన పన్ను పీకబోతూ, "ఏమిటా గోల?" అంటూ వచ్చి అక్కడే నిలబడిపోయారు. ఆ వెనకే పెద్దాయన కూడా వచ్చాడు, నోట్లో దూది, మెడకు తువ్వాలు, మొద్దుబారిన దవడ.

వదిన బరువు వదిలించుకోవడం మొదలుపెట్టింది. రోడ్డు పక్కన చెమటలు కక్కుతున్న పోలీసుకు ఒక సీసా. సగం గడ్డంతో సెలూన్ లోంచి పరుగెత్తుకొచ్చిన ఆసామికి ఒక సీసా. చప్పట్లు కొడుతున్న ముసలమ్మలకు మూడు. అందరికీ చేతికే అందించింది, ఒక్కటీ విసరలేదు. అలవాటు అలాంటిది.

గూడ్సు కదిలింది. గుంపు కదిలింది. పది కిలోమీటర్లుందనగా తేడా రెండు నిమిషాలకు పడిపోయింది. మిగతా జట్లన్నీ కక్షకట్టినట్టు తొక్కుతున్నాయి. మా కెప్టెన్ మాత్రం వాళ్ళ మధ్యలో దూరి, ముందుకొచ్చి, తాపీగా తొక్కి, వాళ్ళ ఊపు చెడగొడుతోంది. వాళ్ళు తిడుతుంటే నవ్వుతోంది.

మూడు కిలోమీటర్లు, నలభై సెకన్లు. చివర్లో ఎత్తు. వదిన కుడి పిక్క పట్టేసింది. సైకిల్ పాములా మెలికలు తిరుగుతోంది. వెనక వంపులో రంగుల గుంపు కనపడింది. డాక్టరుగారు నా భుజం పట్టుకుని ఊపేస్తున్నారు. పెద్దాయన దూది ఉమ్మేసి, "థొక్కమ్మా! థొక్కూ!" అని అరిచాడు.

తొమ్మిది సెకన్లు. కేవలం తొమ్మిది సెకన్ల తేడాతో ఆమె గీత దాటింది.

దాటి, ఆగలేదు. ఇంకా తొక్కుతూనే ఉంది. మనుషులు వెంటపడి పట్టుకుంటే, "అయిపోయిందా? ఖచ్చితంగా అయిపోయిందా?" అని అడిగింది. అప్పటికి కెప్టెన్ వచ్చి, సైకిల్ పక్కన పారేసి, వదినను కౌగిలించుకుంది.

"అక్కా, చచ్చిపోతున్నా. నీళ్ళేవీ?"

వీపులో ఇంకా రెండు ఉన్నాయి.

మా క్లినిక్‌లో ఎవరు ఎవర్ని పట్టుకుని గెంతుతున్నారో తెలీలేదు. మత్తు దిగిపోయేసరికి పెద్దాయన పన్ను మర్నాటికి వాయిదా పడింది. నేను ఫోను తీసుకుని మా అత్తగారికి చేశాను. అప్పటికే వదిన లైన్లో ఉన్నట్టుంది, దొరకలేదు. ఆ తల్లీకూతుళ్ళ మాటలు మా మామగారు తరవాత చెప్పారు.

"అమ్మా, గెలిచానే!"

"పడ్డావా?"

"లేదమ్మా. గెలిచాను. మొదట వచ్చాను."

"అది సరేలే. దెబ్బలేం తగల్లేదుగా?"

ఫోను పెట్టేశాక మా అత్తగారు దుకాణం షట్టరు సగం దించి, రోడ్డు మీద పోయేవాళ్ళందర్నీ ఆపి చెప్పిందట, ఏం గెలిచిందో సరిగ్గా తెలీకుండానే.

మర్నాడు వదిన తొంభై నాలుగో స్థానంలో వచ్చింది, పది సీసాలు మోసి. ఆ తరవాత రెండేళ్ళు తొక్కింది, మళ్ళీ ఎప్పుడూ గెలవలేదు. ఆ లోటు ఆమెలో నాకెక్కడా కనపడలేదు. ఇప్పుడు జట్టు కారు నడుపుతోంది. కిటికీలోంచి సగం బయటికి వంగి, హారన్ మోగించుకుంటూ, కొత్త పిల్లలకు సీసాలు అందిస్తుంది. పక్కన కూర్చునే మేనేజరు కళ్ళు మూసుకుంటాడట.

"ఆ రోజు ఒక్కదానివే తొక్కుతుంటే ఏమనుకున్నావు వదినా?" అని మొన్న అడిగాను.

"ఏమనుకోవడమేంటే, నవ్వొచ్చింది. నవ్వితే ఊపిరందదు కదా. నవ్వాపుకోవడానికే సగం బలం పోయింది" అని, మళ్ళీ నవ్వడం మొదలుపెట్టింది. నేనూ అందుకున్నాను. ఎంతసేపు నవ్వామో తెలీదు, మా ఆయన వచ్చి టీవీ శబ్దం పెంచుకున్నాడు.