చందువ ఆగలేదు

మా తాత ఎల్లారావు ఆఫీసు మానేస్తే విశాఖ రేవుకు వచ్చే ఓడలన్నీ తమ పేర్లు తామే మరిచిపోయి నడిసముద్రంలో నిలబడిపోతాయని మా వీధంతా చెప్పుకొచ్చాను. కిందటి నెల తాత రిటైరయ్యాడు. ఓడలు వస్తూనే ఉన్నాయి.

రేవు దగ్గర ఒక సరుకుల క్లియరింగ్ ఆఫీసులో తాత కంప్యూటర్లు చూసేవాడు. వేటకెళ్లే ఇంట్లో పుట్టాడేమో, ప్రతి మిషన్‌కీ చేప పేరే పెట్టాడు. మేనేజరుగారిది కోనాం, అకౌంట్స్‌ది వంజరం, ప్రింటరు చందువ. ఇంటరు సగంలో మానేసిన నాకు తాత చెప్పగా అర్థమైంది ఇదీ: వంజరం పిలిస్తే చందువ పలకాలంటే, చందువ ఏ నంబరులో ఉందో మధ్యలో ఎవరో చెప్పాలి. అది విన్స్ అనే పాత సర్వీసు పని. ఇప్పుడు ఆఫీసులో కొత్తగా పెట్టిన డీఎన్ఎస్ కూడా అదే చెబుతుంది.

మరి పాతది ఇంకా కావాలా అని తాత కుర్చీలోకి కొత్తగా వచ్చిన అలేఖ్య అడిగింది. దాన్ని తప్ప వేరేదాన్ని అడగడం రాని ప్రోగ్రాము ఏదైనా మిగిలుంటేనే కావాలి, లేకపోతే ఆపేయొచ్చని తాతే చెప్పాడు. చెప్పి, "శనివారం ఆపినప్పుడు ఏదన్నా పలక్కపోతే నాకు ఫోన్ సెయ్యమ్మా" అన్నాడు.

శనివారం తాత పొద్దున్నే గడ్డం గీసుకుని ఇస్త్రీ చొక్కా వేశాడు. బూట్లు కూడా తొడుక్కుని, ఫోను ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు.

"ఏటి తాతా, పెళ్లిచూపులా?"

"నోర్ముయ్యే గుంటా. ఆఫీసు నుంచి ఫోనొస్తాది."

ఫోను మోగింది. తాత గబుక్కున లేచి నిలబడ్డాడు. తీరా చూస్తే ఐసు ఫ్యాక్టరీ గవర్రాజు.

"బావా, హార్బర్ కాడ టీకొస్తావేటి?"

"ఫోను పెట్టీ బావా, పెట్టీ. లైను కాళీగుండాల."

మధ్యాహ్నం అన్నం కూడా బూట్లతోనే తిన్నాడు. సిగ్నల్ ఉందో లేదోనని నా ఫోనుతో తన ఫోనుకు చేయించుకున్నాడు. అది శుభ్రంగా మోగింది. దాంతో తాత మొహం ఇంకా చిన్నబోయింది.

చీకటి పడుతుండగా అలేఖ్య చేసింది. స్పీకరు నేనే నొక్కాను.

"అంకుల్, పొద్దున్నే ఆపేశాను. ఒక్కటి కూడా ఆగలేదు. చందువ చక్కగా ప్రింట్ కొడుతోంది. పాత పేర్లన్నీ మీరు వెళ్లేముందే కొత్తదాంట్లో ఎక్కించేశారు కదా, నాకు పనే లేకుండా చేశారు!"

"మంచిదమ్మా" అన్నాడు తాత. ఆమె పెట్టేశాక ఫోను అరుగు మీద పెట్టాడు. తర్వాత వంగి బూట్ల తాళ్లు విప్పుకోసాగాడు.

ఏడిపిద్దామని కూర్చున్నదాన్ని, ఒక బూటు నేను లాగాను.

"ఒక్క సందువనైనా ఎక్కించకండా ఒగ్గీసుంటే, ఈపాటికి నీకోసం ఆఫీసు కారు అంపీవోలు కదా తాతా?"

తాత నా నెత్తిన ఒక మొట్టికాయ వేశాడు.

"సగంలో ఒగ్గీడానికి అది నీ ఇంటరా ఏటే?"