బీరప్ప కొన్న మిషను

గడ్డం రాని మనిషి గడ్డం మిషను కొన్నాడంటే నారాయణఖేడ్‌లో నవ్వనివాళ్ళు లేరు. తొంభైల మొదట్లో మాట ఇది. బస్టాండు దగ్గర చాయ్ హోటల్లో కూర్చుని నవ్వారు. అంగట్లో కందుల సంచుల మీద కూర్చుని నవ్వారు. మా ఇంటాయన అన్నం ముందు కూర్చుని నవ్వి, పొలమారి, నీళ్ళు తాగి మళ్ళీ నవ్వాడు. నవ్వేవాళ్ళకు నేనేం అడ్డు పడను, ఎవరి నోరు వాళ్ళది. కాని ఎందుకు కొన్నావయ్యా అని అడిగినవాడు ఊరు మొత్తంలో ఒక్కడూ లేడు.

బీరప్పది మా గోడ పక్క ఇల్లు. కురుమవాళ్ళు, గొర్రెలు కాసే కుటుంబం. ఉన్ని తీయడంలో చేయి తిరిగినవాడని బీరప్పను కంగ్టి దాకా పిలిపించుకునేవారు. సన్నటి మనిషి. నలభై అయిదు దాటినా ముఖం మాత్రం మీసం మొలవని పిల్లవాడిలా నున్నగా ఉండేది. మంగలి ఎల్లప్ప ఆయన తల కత్తిరించేవాడే తప్ప చెంపకు సబ్బు రాసే అవసరం ఏనాడూ పడలేదు. "గొర్ల బొచ్చు తీసి తీసి, వాటి ఉసురు తాకిందిర నీకు" అనేవారు తోటివాళ్ళు. బీరప్ప కూడా వాళ్ళతోపాటే నవ్వేవాడు.

ఆయన భార్య కాశమ్మ. ఎత్తరి. గొంతు కూడా అంత ఎత్తే. అంగడి రోజు గొంగళ్ళు పరుచుకుని కూర్చుంటే బేరమాడడానికి వచ్చినవాడు సగం మాట మింగేసేవాడు. ఒక్కతే కూతురు, పెళ్ళి చేసి పంపేశారు. వాడలో ఎవరింట్లో పెళ్ళి జరిగినా మొదటి పసుపు కాశమ్మ చేతే పెట్టించేవారు. ఆమె పసుపు పెడితే కాపురం చల్లగా ఉంటుందని పేరు. ఆ పేరంటే ఆమెకు ప్రాణం. బంగారం లేకపోయినా పరవాలేదు, ఆ పేరు పోతే బతకలేనన్నట్టు ఉండేది.

అలాంటి మనిషికి నలభై దాటాక గదువ మీద వెంట్రుకలు మొలిచాయి. ఒకటీ రెండూ అయితే ఎవరికి లేవు? ఈమెకు గదువంతా, దవడల దాకా వచ్చాయి. మొదట బూడిద అద్దుకుని పీకింది. పీకిన చోట మళ్ళీ వచ్చాయి. బోరంచ వెళ్ళి నల్లపోచమ్మకు మొక్కింది. తల్లికి ఎన్ని పనులో, ఈ పని ఆమె దాకా చేరినట్టు లేదు.

ఆడదాని గదువ ఎంతమంది చేతికి చిక్కుతుందో మగవాళ్ళకు తెలియదు. బతిమాలేవాళ్ళు గదువ పట్టుకుంటారు. పసుపు రాసేవాళ్ళు గదువ పట్టుకుంటారు. చంకన ఎత్తుకున్న పిల్ల కూడా అక్కడే చేయి వేస్తుంది. కాశమ్మ పిల్లలను ఎత్తుకోవడం మానేసింది. ఎవరైనా దగ్గరికి వస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. పళ్ళు నొప్పా అని నేను ఒకసారి లవంగం ఇచ్చాను. తీసుకుని నమిలింది పాపం.

తరువాత బ్లేడు పట్టింది. గొంగడి దారాలు కోయడానికని చెప్పి కొనుక్కునేది. అద్దం ముందు తొందరతొందరగా గీసుకుంటూ గదువ కోసుకునేది. ఆ గాటు మీద పసుపు తగిలితే భగ్గుమనేది. ఏమైందే అని నేనే అడిగాను.

"పిల్లి గీరిందక్కా."

"మీ ఇంట్ల పిల్లెక్కడిదే?"

లోపలికి పోయింది. మా మాటలు బీరప్ప చెవిన పడ్డాయో ఏమో, రెండు రోజులు తిరగకముందే మంద నుంచి వస్తూ గొంగట్లో చుట్టి ఒక పిల్లికూన తెచ్చాడట. ఆమె ముందు వదిలి, "నువ్ చెప్పిన పిల్లి గిదే, గుర్తుపెట్టుకో. గీరితే మూడు నాలుగు గీతలు పడాలె, ఒక్కటి పడితే ఎవరు నమ్ముతరే?" అన్నాడట. అప్పటిదాకా మొగుడికి తెలియదనే అనుకుంది ఆమె. ఏళ్ళ తరబడి పక్కన ఉన్నవాడికి తెలియకుండా ఎలా ఉంటుంది, పిచ్చిది కాకపోతే! ఆ పూట పిల్లిని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చిందట. ఇవన్నీ తరువాత తనే నాతో చెప్పింది.

ఇలా ఉండగా కాశమ్మ తమ్ముడు మొగులప్ప కొడుక్కి సంబంధం కుదిరింది. ఎండాకాలంలో పెళ్ళి. పెళ్ళికొడుకుకు ఆమె మేనత్త. మొదటి పసుపు ఆమెదే. వాళ్ళలో ఇంకో పద్ధతి ఉంది, మేనత్త పసుపు పెట్టాక వాడలోని ఆడవాళ్ళందరూ వరుసగా వచ్చి మేనత్త ముఖానికి పసుపు రాస్తారు. అన్ని చేతులు ఆ గదువ మీదికి వస్తాయి. గరుకు తగిలిందా, "మొగ ముఖపుది పసుపు పెట్టింది, పిల్లగానికి కీడు" అని ఎవరో ఒకరు అంటారు. అంటే అంతే, ఇక ఏ ఇంటికీ పిలుపు ఉండదు. కాశమ్మకు తిండి సయించలేదు.

గడ్డం గొరిగే చిన్న మిషన్లు వచ్చాయని, చర్మం తెగదని అంగట్లో ఎవరో అనుకుంటే విన్నది. బస్టాండు దగ్గర జగన్నాథ్ దుకాణం ఉంది. రేడియోలు, టార్చిలైట్లు, గడియారాలు, పట్నం నుంచి తెచ్చిన ఫారిన్ సామాన్లు అమ్ముతాడు. మాటకారి. ధైర్యం చేసి అక్కడికి పోయింది.

"గడ్డం మిషనున్నదా? మా ఇంటాయనకు."

"బీరప్పకా?" జగన్నాథ్ దుకాణమంతా వినిపించేలా నవ్వాడు. "ఉన్న నాలుగు వెంట్రుకలకు మిషనెందుకు కాశమ్మా? ఊదితే రాలిపోతయ్!"

అంత గొంతున్న మనిషి తలవంచుకుని వచ్చేసింది. ఇంట్లో కూర్చుని, "నాకని చెప్పలేను, నీకంటే నమ్మరు, ఇగ నేనేం చేయాలె?" అని మొగుడి మీద అరిచింది. ఆ అరుపు నాకు గోడ ఇవతలికి వినిపించింది గాని సంగతి అర్థం కాలేదు.

మరుసటి రోజు పొద్దెక్కకముందే బీరప్ప తల దువ్వుకుని దుకాణానికి పోయాడు. గొంగడి భుజాన ఉంది.

"మిషను కావాలె. నాకే."

చాయ్ తాగుతున్నవాళ్ళు కప్పులు పట్టుకుని వచ్చి నిలబడ్డారు. జగన్నాథ్‌కు పండగే. మూడు రకాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి చేత్తో నొక్కేది. బీరప్ప గొంగడి అంచున ఉన్నిని దాని పళ్ళ మధ్య పెట్టి నొక్కి చూశాడు. కోయడం కంటే పీకడం ఎక్కువగా ఉంది. "గిది నొప్పి పెడతది" అని పక్కన పెట్టాడు. రెండోది కరెంటుది. ప్లగ్గు పెట్టగానే గుర్రుమని మోగింది, దుకాణంలో పాడుతున్న రేడియో కూడా గరగరమంటూ పాట మింగేసింది.

"వద్దు. పక్కింట్ల రేడియో మొత్తుకుంటది."

"మొత్తుకుంటే నీకేంది బీరప్పా? దొంగతనం చేస్తున్నవా?"

బీరప్ప దాన్ని పక్కకు జరిపాడు. పక్కింటి రేడియో అంటే మాదే. మూడోది సెల్లులతో నడిచేది. అరచేతిలో ఇమిడిపోయింది, చప్పుడు తక్కువ. ముంజేతి మీద నడిపించి, వేలితో తడిమి, మళ్ళీ నడిపించి చూశాడు. ఎంత పొట్టిగా తీస్తుందని అడిగాడు. ముందు పెట్టుకునే దువ్వెనలు చూపించాడు జగన్నాథ్, ఒకటి పొడుగుకు, ఒకటి పొట్టికి.

"దువ్వెన లేకుంట తీయొస్తదా? నున్నగ కావాలె. చేయి పెట్టినా తెల్వొద్దు."

"నీది దేవుడే నున్నగ చేసి పంపిండు గదనే!"

జనం గొల్లుమన్నారు. ముఖం మీద పెట్టి చూడమని ఎవరో ఎగదోశారు. బీరప్ప పెట్టుకున్నాడు. మిషను చెంప మీద తిరిగింది, రాలడానికి ఏమీ లేదు. కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వారు జనం. బీరప్ప కూడా నవ్వి, మిషను గొంగట్లో చుట్టుకుని వచ్చేశాడు. ఆ రోజు నుంచి ఆయన పేరు మిషను బీరప్ప.

అప్పటి నుంచి పొద్దున్నే వాళ్ళ ఇంట్లో రేడియో గట్టిగా మోగేది. తలుపు వేసి ఉండేది. పాడిపంటల ముచ్చట్లు ఇంత గట్టిగా ఎవరు వింటారమ్మా అని విసుక్కునేదాన్ని. లోపల కాశమ్మ పీట మీద కూర్చుని ముఖం ఎత్తితే, ఉన్ని తీసే చేయి ఆమె గదువ మీద మిషను నడిపించేదట. గాయాలు మానాయి. ఆమె మళ్ళీ పిల్లలను ఎత్తుకోసాగింది. పిల్లి మాత్రం నింద మోసినందుకు పాలు తాగి బలిసింది.

పెళ్ళి రోజు వచ్చింది. మొగులప్ప ఇంటి ముందు పందిరి. పెళ్ళికొడుకును పీట మీద కూర్చోబెట్టి ఎల్లప్ప గడ్డం గీశాడు. కాశమ్మ పసుపు గిన్నె పట్టుకుని పక్కనే నిలబడింది. ఆమె తల్లి రామవ్వ గుంజకు ఆనుకుని కూర్చుంది. అల్లుడు ఎదురుగా ఉంటే ముఖం మీది కొంగు తీయని పాతకాలపు మనిషి. బీరప్ప ముంగిట్లోనే ఉన్నాడు కాబట్టి ఆ పూటా కొంగు గదువ దాకా లాక్కునే ఉంది.

మొగులప్ప కల్లు తాగి ఉన్నాడు. బావను ఆటపట్టించడం బామ్మర్దికి హక్కు, అందులో తప్పు లేదు. పెళ్ళికొడుకు లేవగానే బీరప్ప రెక్క పట్టుకుని తెచ్చి పీట మీద కూలేశాడు.

"ఎల్లప్పా, మా బావకు గూడ గీయ్! బావా, నీ మిషనేది? తెస్తివా?"

నవ్వులు. ఎల్లప్ప సబ్బు నురుగు రాశాడు. మళ్ళీ నవ్వులు. బీరప్ప నురుగు ముఖంతో నవ్వుతూనే ఉన్నాడు. మొగులప్పకు ఊపు వచ్చింది.

"గడ్డం లేని ఆడంగోనికి మిషనెందుకే? మొగోన్నని ఊరికి చెప్పుకోనీకి కొన్నవా?"

ఈసారి నవ్వులు తగ్గాయి. బీరప్ప నవ్వు ఆగిపోయింది. తువ్వాలతో మెల్లగా నురుగు తుడుచుకోసాగాడు, ఎవరి వైపూ చూడలేదు. నేను ఆడవాళ్ళలో నిలబడి ఉన్నాను. నాకే ఒళ్ళు మండింది.

కాశమ్మ గిన్నె కింద పెట్టింది.

"మొగులిగా, ఇటు రా."

"ఏందక్కా, నవ్వులాటకు..."

"రారా ఇటు!" తమ్ముడి చేయి పట్టుకుని తన గదువ మీద పెట్టుకుంది. తెల్లవారుజామునే పెళ్ళిపనులకు వచ్చేసింది, ఆ పొద్దు మిషను పెట్టుకునే వీలు చిక్కలేదు, ముందు రోజు తీసిన చోట మళ్ళీ గరుకు తేలింది, పసుపు మందంగా పూసుకుంటే తెలియదులే అనుకుందట. "తెలిసిందా? గడ్డం నాది. మిషను నాది. నా సిగ్గు కాపాడనీకి ఊరంత నవ్వినా నోరు మూసుకున్నడు ఆ మనిషి. గాయనను ఆడంగోడంటవురా? నీ కొడుకుకు నా పసుపు వద్దంటే వద్దు, గిన్నె గీడనే ఉన్నది. ఎవలతోనన్న పెట్టిచ్చుకో!"

మొగులప్ప చేయి లాక్కుని నిలబడిపోయాడు. కాశమ్మ అంతకాలం దాచుకున్నది తన చేతులతో తనే నలుగురిలో పారేసింది. పెళ్ళికూతురి వైపు వాళ్ళు ముఖాలు చూసుకున్నారు. ఒకామె పెదవి విరవడం నేను చూశాను.

అప్పుడు గుంజ దగ్గర నుంచి, కొంగు చాటు నుంచి, రామవ్వ గొంతు వినిపించింది.

"నాకూ ఉన్నయ్. నన్ను కన్నదానికీ ఉండె. బూడిద పెట్టి పీక్కుంట బతికినం. గీ మొగులిగాని పెళ్ళిల మొదటి పసుపు పెట్టింది మా అమ్మనే. వీనికేం కీడైంది, తిని తాగి ఒర్రుతనే ఉండె గద? ఎండ ముదురుతుంది, పసుపు పెట్టవే కాశీ!"

ఎవరో కిసుక్కుమన్నారు. కాశమ్మ గిన్నె అందుకుని పెళ్ళికొడుకుకు పసుపు పెట్టింది. ఆ తరువాత ఆడవాళ్ళు వరుసగా వచ్చి ఆమెకు రాశారు. పెదవి విరిచినామె రాలేదు. రాకపోతే పోయింది, పసుపు మిగిలింది.

మొగుడూ పెళ్ళాలు ఇంటికి నడిచి వస్తున్నారు. నేను వెనకే ఉన్నాను.

"ఎన్ని మాటలు పడి దాచిన! ఒక్క గడియల ఖరాబు చేస్తివి" అన్నాడు బీరప్ప.

"నిన్ను గంత మాటంటే గిన్నె పట్టుకొని నిలబడాల్నా?"

"నేను నవ్వుకుంట ఊకుంటలేనా?"

"నువ్ నవ్వినన్ని దినాలు నేనూ ఊకున్న. ఇయ్యాల నువ్ నవ్వలే. గందుకే అన్న."

బీరప్ప గొంగడి ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

పెళ్ళి సందడి అయిపోయాక ఒక పొద్దున మా పక్కింట్లో రేడియో మోగలేదు. ఏమైందోనని బయటికి వచ్చి చూశాను. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. వాకిట్లో ఎండ పొడలో కాశమ్మ పీట మీద కూర్చుని ఉంది, బీరప్ప వంగి మిషను నడుపుతున్నాడు. దారిన పోయేవాళ్ళు చూస్తున్నారు, పోతున్నారు. జగన్నాథ్ సైకిలు మీద వెళ్తూ ఒక కాలు దించాడు, ఏదో అనబోయి మానుకుని తొక్కుకుంటూ పోయాడు.

పెళ్ళయ్యాక ఇటు వచ్చిన రామవ్వ గోడ వారగా కూర్చుని ఉంది, ఎప్పటిలాగే ముఖం మీద కొంగు. కూతురిది అయిపోయేదాకా కదలకుండా చూసింది. కాశమ్మ లేవగానే ముసలామె చేతులు నేలకు ఆనించి లేచి, వచ్చి అదే పీట మీద కూర్చుంది. బీరప్ప మిషను పట్టుకుని బిత్తరపోయాడు. పాతికేళ్ళలో అత్త ముఖం సరిగా చూసి ఎరగడు.

రామవ్వ కొంగు వెనక్కి తీసేసి, కళ్ళు గట్టిగా మూసుకుని, గదువ పైకెత్తింది.

"కానీ అల్లుడా. గొర్రెకు తీసినట్టు తియ్యకు, జర మెల్లగ."