సంతకం లేని తమిళ కీబోర్డు

తమిళనాడులో విరుదునగర్ బస్టాండు దగ్గర ఒక డీటీపీ సెంటర్లో మూడేళ్లు పని చేశాను. రెండు వేల సంవత్సరం దాటి ఐదారేళ్లయిన రోజులు. కోవిల్‌పట్టి నుంచి రోజూ బస్సులో వెళ్లి, పెళ్లి పత్రికలు, అర్జీలు, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీల నోటీసులు తమిళంలో టైపు చేసేదాన్ని. మా ఇంట్లో మాట్లాడేది తెలుగు, ఓనరు తమిళావిడ. అక్కా అని పిలిచేదాన్ని.

ఒక వేసవిలో మా కంప్యూటర్ మాట వినడం మానేసింది. ఇంటర్నెట్ తెరిస్తే మేం పెట్టుకున్న పేజీ రాదు, ఇంకేదో వస్తుంది. పైన రంగురంగుల బొత్తాలతో ఒక పట్టీ వచ్చి కూర్చుంది. పెళ్లి పత్రికలో ముహూర్తం టైపు చేస్తుంటే పేకాట ప్రకటన ఊడిపడింది. పక్కనే కూర్చున్న పెళ్లికొడుకు మేనమామ కళ్లజోడు సర్దుకుని, "ఇది కూడా పత్రికలో వస్తుందామ్మా?" అని తమిళంలో అడిగాడు.

"మొత్తం తుడిపించి మళ్లీ వేయిద్దాం" అంది అక్క. నాకు మనసొప్పలేదు. ఇది ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు పంపారు? అది తెలుసుకోవాలనిపించింది.

ఎవరో మరిచిపోయి వెళ్లిన కంప్యూటర్ పత్రికలో ఒక పేజీ చదివాను. ప్రోగ్రాం చేసినవాళ్లు దాని ఫైలు మీద డిజిటల్ సంతకం పెట్టొచ్చట. ఫైలు మీద మౌస్ కుడి బొత్తం నొక్కి, ప్రాపర్టీస్ తెరిస్తే కనిపిస్తుందట. సంతకం చేసింది ఎవరో, ఆ తర్వాత ఫైలును ఎవరైనా మార్చారో లేదో తెలుస్తుందట.

మధ్యాహ్నం గిరాకీ లేని వేళ మొదలుపెట్టాను. ముందు ప్రింటర్ ప్రోగ్రాం చూశాను. కంపెనీ పేరు, కింద "ఈ సంతకం సరిగా ఉంది" అని ఇంగ్లీషులో ఒక వాక్యం. ఇన్నాళ్లూ దాని మీదే పని చేస్తూ ఆ తలుపు ఒక్కసారీ తీయలేదు కదా అనిపించింది. కంప్యూటర్‌తో పాటే వచ్చిన నోట్‌ప్యాడ్‌ను చూస్తే సంతకం చూపే పేజీయే లేదు. గాబరా పడ్డాను. అలాంటి ఫైళ్ల సంతకాలు వేరే జాబితాలో ఒక్కచోట ఉంటాయని తర్వాత ఎప్పటికో తెలిసింది. అప్పటికి మాత్రం వాటి జోలికి పోకూడదనుకుని, మిగతా ప్రోగ్రాంలన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాను. సంతకం ఉన్నవాటికి టిక్కు, లేనివాటికి సున్నా.

సున్నాలు నాలుగు తేలాయి. మూడు ఆటలు. నాలుగోదాని పేరు నోరు తిరగని నాలుగు ఇంగ్లీషు అక్షరాలు. పైగా కంప్యూటర్ ఆన్ చేయగానే ఎవరూ పిలవకుండానే అది లేస్తోంది. దొంగ దొరికాడనుకుని తీసి పారేశాను.

పేకాట ప్రకటన మళ్లీ వచ్చింది. తమిళం మాత్రం పోయింది! ఏ కీ నొక్కినా ఇంగ్లీషు అక్షరాలే. నేను తీసేసింది మా తమిళ కీబోర్డు ప్రోగ్రాం.

అక్కకు జరిగింది చెప్పాను. ఆ ప్రోగ్రాం చేసినాయన సాత్తూరులో ఉంటాడని చెప్పి, చిరునామా రాసిచ్చింది. ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన పెద్దాయన. సొంతంగా నేర్చుకుని ఈ ప్రోగ్రాం రాసి, అడిగినవాళ్లకు ఇచ్చేవాడట.

సాయంత్రం ఇంటికి పోతూ దారిలో సాత్తూరులో దిగాను. తలుపు తీసిన ఆయనతో తమిళంలోనే మొదలుపెట్టాను. ఇంతలో లోపలి నుంచి ఆడగొంతు "ఎవరు వచ్చుండేది?" అంది. మా ఇంటి తెలుగు! నాకు సగం భయం పోయింది.

"సార్, మీ ప్రోగ్రాంను నేనే తీసి పారేసినాను" అన్నాను తెలుగులో.

"ఏమి తప్పు చేసింది మా, అది?"

"దానికి సంతకం లేదు సార్."

కోప్పడతాడనుకున్నాను. ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "సంతకమా? ఫైలుకా? యాడ ఉంటాది అది?" అంతా విని, "రేపు నేనే వస్తా. నాకూ చూపియ్యి" అన్నాడు.

మరుసటి రోజు పొద్దున్నే ఫ్లాపీ పట్టుకుని వచ్చేశాడు. తమిళం తిరిగొచ్చింది. ఆయన మాత్రం లేవలేదు. నా నోటుపుస్తకం తిరగేసి, "ఆ రంగుల పట్టీకి టిక్కు పెట్టుండావే?" అన్నాడు.

నిజమే. దానికి సంతకం ఉంది కాబట్టి మళ్లీ చూడనేలేదు. ఇద్దరం తెరిచి చూశాం. ఎన్నడూ వినని కంపెనీ పేరు. సంతకం సరిగానే ఉంది.

"అంటే ఇది ఆ పేరువాళ్లదే, నడమ ఎవరూ మార్చలేదు. అంతే కదా? వాళ్లు మంచోళ్లని యాడ రాసుండాది?" అన్నాడు పెద్దాయన.

అదే కంపెనీ పేరు ఇంకెక్కడైనా ఉందా అని వెతికాను. మరో రెండు ఫైళ్లు దొరికాయి. మూడూ ఒకే రోజు వచ్చినవే. ఆ తేదీ చూడగానే గుర్తొచ్చింది. పెళ్లి పత్రికలకు పూల చట్రాలు కావాలని ఇంటర్నెట్ నుంచి ఒక ఉచిత ప్రోగ్రాం దించుకుని, ఏమీ చదవకుండా నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుకుంటూ పోయింది నేనే. పట్టీకి మేం ఒప్పుకుంటున్నట్టు ఏదో ఒక గడిలో ముందే టిక్కు పెట్టి ఉండే ఉంటుంది.

కంట్రోల్ ప్యానెల్లోకి వెళ్లి, ఆ పట్టీని, దానితో వచ్చిన రెండింటినీ తీసేశాం. కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాం. మా పేజీ మాకు వచ్చింది. పెద్దాయన మధ్యాహ్నం దాకా పక్కనే కూర్చుని, ప్రకటన వస్తుందేమోనని తెర వైపే చూస్తూ ఉన్నాడు. రాలేదు. అక్క ఇద్దరికీ టీ తెప్పించింది.

పది రోజుల తర్వాత ఆయన దగ్గర్నుంచి కొత్త ఫ్లాపీ వచ్చింది. ఇప్పుడు ప్రోగ్రాం లేవగానే చిన్న పెట్టెలో ఆయన పేరు, ఊరు, ఫోన్ నంబరు కనిపిస్తాయి. నేను ఫోన్ చేస్తే, "అది నువ్వు చెప్పిన సంతకం కాదులే. ఎవరిదని అనుమానమొస్తే నన్నే అడగొచ్చు కదా" అన్నాడు. ఆ వారమే ఎవరో నిజంగానే ఫోన్ చేసి, తమిళ లిపిలో ఉండే మూడు చుక్కల అక్షరం ఏ కీ మీద ఉందని అడిగారట. ఆ సంగతి నాకు రెండుసార్లు చెప్పాడు.