పసుపు పడని పాచి

మా ఆయన ప్రొద్దుటూరు హైస్కూల్లో సైన్సు చెప్పేవారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త, మా పెళ్లీ కొత్తే. అందరి మొగుళ్లూ పెళ్లాలను సినిమాకు తీసుకుపోతుంటే, ఈ మహానుభావుడు నన్ను పాచి చూపించడానికి తీసుకుపోయాడు. జమ్మలమడుగు దాకా బస్సు, అక్కడినుంచి ఎద్దులబండి, ఆపైన కొండలోకి నడక. కోనలో ఊట నీళ్లు కారే బండ, దాని మీద చేటంత పచ్చదనం. "ఇదే" అన్నారు, సొంత చెల్లెలిని చూపించినట్టు.

పులివెందుల వైపు కొండలన్నీ గాలించినా ఇంకెక్కడా కనబడలేదట. దీనికి వేరు లేదు, పువ్వు లేదు. ఆకులతోనే నీళ్లు తాగుతుంది. సన్నటి కాడల చివర చిన్న బుర్రల్లోంచి పొడి రాలి, దాంతోనే పిల్లలు పుడతాయి. తడి లేకపోతే ఆ సంసారమూ సాగదు. "ఇక్కడ పోయిందంటే ఇక లేనట్టే" అన్నారు. నాకు జ్వరం వచ్చినప్పుడు కూడా ఆ గొంతు అలా వణకలేదు. ఎందుకు దాచాలి, ఒళ్లు మండింది.

నీళ్లకు వచ్చే కింది పల్లె ఆడవాళ్లు, కాలు జారుతుందని ఆ బండను ఇసుకతో రుద్దేవాళ్లు. వాళ్లలో పెద్దదైన అవ్వకు ఈయన దండం పెట్టి, "ఇది చాలా గొప్పదవ్వా, భద్రంగా చూసుకోండి" అని బతిమాలారు. అవ్వ సరేనంది. రుద్దడం ఆగింది. బండ మీద కాలు పెట్టడం కూడా మానేసి, పక్క రాళ్ల మీదుగా దిగేవాళ్లట.

ఎండలు ముదిరాక మళ్లీ వెళ్లాం. ఊట తగ్గి, బండ కింది గుంటలోనే కాసిన్ని నీళ్లు మిగిలాయి. బండకు పసుపు, కుంకుమ, సున్నం బొట్లు, ముందు ఆముదం దీపం. గొప్పదంటే మా వైపు చేసే మర్యాద అదే మరి. పసుపూ నూనే పడినచోట పాచి నల్లబడి పోయింది. మిగిలింది ఎండి ముడుచుకుంది. ఈయన నేల మీద కూలబడ్డారు.

"ఏందప్పా, అట్లయిపోతివి? మేమేం తక్కువ జేస్తిమి?" అని అవ్వ కంగారుపడింది.

"చూసుకోమన్నాను గానీ పూజ చేయమన్నానా!" అని ఈయన అందుకోబోయారు. లెక్చరు మొదలైతే పాచితోపాటు పరువూ పోతుందని నేను అడ్డుపడ్డాను.

"అవ్వా, ఈ అమ్మకు పసుపూ నూనే పడవు. చల్లటి నీళ్లు తప్ప ఏదీ ముట్టదు."

"ముందే చెప్పాల గదమ్మా! మాకేం తెలుసు?" అని అవ్వ నన్నే కసిరి, గుంటలోంచి చెంబుడు నీళ్లు తెచ్చి ఎండిన పాచి మీద పోసింది.

చూస్తుండగానే ముడుచుకున్న ఆకులు విచ్చుకుంటూ పచ్చబడ్డాయి. ఈయన కళ్లలోంచి నీళ్లు బొటబొటా రాలాయి.

"ఏడవాకప్పా, అమ్మ పలికింది" అంది అవ్వ.

బడికి వచ్చిన ఇన్‌స్పెక్టరు తప్పు మాట్లాడినా ఊరుకోని మనిషి, ఆ మాటను దిద్దలేదు. చెంబు అందుకుని గుంట దగ్గరికి వెళ్లారు.