గురవమ్మ తవ్విన చెలమ

రాచర్ల గురవమ్మ బండి తోలేది. మొగుడు పోయాక ఎడ్లను అమ్మేయమని చుట్టాలంతా చెప్పినా వినకుండా, మార్కాపురం పలకలు నింపుకుని నల్లమల కనుమ దాటి నంద్యాల పోయేది. తెల్లదొరల కాలం, రెండో ప్రపంచయుద్ధం ఇంకా రాలేదు. కాళ్ళు ఒకచోట నిలవని నేను ఆ ఎండాకాలం ఆమె బండి ఎక్కాను. గిద్దలూరు వ్యాపారి ఉమామహేశ్వర్లు తుపాకీతో సహా ఎక్కాడు.

వేసవిలో కనుమ వాగు ఎండిపోతే బండ్లవాళ్ళు ఒడ్డున గుంత తవ్వి ఊటనీళ్ళు తోడుకునేవారు. అదే చెలమ. అడవిజీవాలు కూడా దిగి తాగిపోయేలా ఒక పక్క వాలుగా వదలడం ఆ దారి ఆచారం.

మేం వాగు చేరేసరికి చెలమ చుట్టూ ఒక ఎలుగుబంటి తిరుగుతోంది. లోపలి నుంచి దాని పిల్ల అరుపులు. ఎడ్లు బెదిరి వెనక్కి లాగాయి. ఉమామహేశ్వర్లు తుపాకీ ఎత్తాడు.

"దించన్నా!" అంది గురవమ్మ. "ఆ గుంత పోయిన తూరి నేనే తవ్వినా. పొద్దుగూకుతా ఉందని నాలుగు పక్కలా నిలువుగా కోసి పోయినా. తప్పు నాదైతే గుండు దానికా?"

"మీద పడితేనో?"

"నేను చెట్టెక్కుతా. ఆ పొట్టతో నువ్వెట్ల ఎక్కుతావో నువ్వే చూసుకో."

అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది. దొరల వేట పుస్తకాలు చాలా చదివాను. వాటిలో జంతువు ఊరికే మీదికొస్తుంది. దాని దారిలో గుంత ఎవరు తవ్వారో ఒక్కరూ రాయరు. సరే, ఆ గోల ఎందుకిప్పుడు.

ఆమె చెప్పినట్టు మేమిద్దరం నీళ్ళ డబ్బాలు వాయించాం. తల్లి గుర్రుమంటూ ఎదుటి పొదల్లోకి తగ్గింది. గురవమ్మ ఎండుమాను ఒకటి ఈడ్చుకెళ్ళి గుంతలోకి జార్చి, పొదల మీంచి చూపు తిప్పకుండా వెనక్కి నడిచి వచ్చింది.

"చాల్లే, ఆపండి."

కాసేపటికి బురద పూసుకున్న పిల్ల మాను పట్టుకుని పైకి పాకింది. తల్లి పరుగున వచ్చి, దాన్ని వీపున ఎక్కించుకుని అడవిలోకి పోయింది.

అప్పుడు గురవమ్మ గడ్డపార తీసింది. దప్పికతో ఉన్న ఎడ్లను ఆపి మరీ చెలమకు ఒక పక్క వాలు తీసి, ఆ తర్వాతే వాటికి నీళ్ళు పెట్టింది.

తిరిగొచ్చాక గిద్దలూరు అంగట్లో ఉమామహేశ్వర్లు నలుగురినీ పోగేసి, "మా గురవమ్మ ఎలుగుబంటి పిల్లను ఎట్ల కాపాడిందంటే..." అని మొదలుపెట్టాడు.

"ఏందన్నా, నడిమధ్యలో ఎత్తుకుంటావు?" అని ఆమె అడ్డుపడింది. "గుంత తవ్వింది నేనేనని ముందు చెప్పు. ఆ మీదట ఎంత పొగుడుతావో పొగుడు, కూర్చొని వింటా."

అని కొంగు నడుముకు చుట్టి, అరుగు మీద దర్జాగా కూర్చుంది.