తువ్వాలు కింద అయిదో వేలు

రిటైరవడానికి మూడేళ్ళ ముందు, ఏప్రిల్ మొదటి వారంలో, నూజివీడు పక్కనున్న ఒక ప్రభుత్వాసుపత్రికి సీనియర్ ఫిజియోథెరపిస్టుగా నన్ను బదిలీ చేశారు. మామిడి సీజను అప్పుడే అందుకుంటోంది. ఫిజియోథెరపిస్టంటే డాక్టరూ కాదు, నర్సూ కాదు. ఎముకల డాక్టరుగారు చూసి చీటీ రాసి పంపిన రోగికి కండరాల బలం, నరాల స్పర్శ పరీక్షించి కసరత్తులు నేర్పడం మా పని. ఎంత చెప్పినా అక్కడివాళ్ళు నన్ను "డాక్టరమ్మగారూ" అనే పిలిచేవారు. ఒక నెల సరిదిద్ది మానేశాను. అలా పిలిపించుకోవడం హాయిగానే ఉండేది, అబద్ధమెందుకు!

మల్లేశ్వరరావు ఆ నెలాఖరున వచ్చాడు. యాభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, భుజాన తెల్ల తువ్వాలు. ఊళ్ళో పెద్ద మామిడి కమీషను కొట్టులో గుమస్తా. చీటీలో "మెడనొప్పి, కుడి భుజంలోకి లాగుడు" అని ఉంది. ఎక్స్‌రేలో మెడ ఎముకలు వయసుకి తగ్గట్టు అరిగాయి, అంతకు మించి ఏమీ లేదు. తలగడ ఎత్తెంత, బండి ఎంత దూరం నడుపుతారు, బరువులు మోస్తారా అని అడిగి, కాపడం పెట్టి, కసరత్తులు నేర్పి, మెడకి పట్టీ వేయించాను. మూడు వారాలు క్రమం తప్పకుండా వచ్చాడు. వీసమెత్తు తగ్గలేదు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "మీరు ఇంటి దగ్గర కసరత్తు చెయ్యట్లేదు, నా దగ్గర దాచకండి" అని గదమాయించాను.

"దేవుడి తోడండీ, రెండు పూటలా చేస్తున్నాను. అయినా ఈమధ్య నా మాట ఎవరు నమ్ముతున్నారు లెండి" అన్నాడు. ఆ చివరి మాట అంటూ మొహం పక్కకి తిప్పుకున్నాడు. తొందరపడ్డానని నాకు తెలిసిపోయింది. కుర్చీ దగ్గరికి లాక్కుని ఏం జరిగిందో చెప్పమన్నాను.

ఆ కొట్లలో ధర పైకి చెప్పరట. రైతు, గుమస్తా కుడిచేతులు కలిపి మీద తువ్వాలు కప్పుకుంటారు. లోపల రైతు గుమస్తావి ఎన్ని వేళ్ళు పట్టుకుంటే ఆయన అడిగే అంకె అది. చుట్టూ పదిమంది నిలబడ్డా ఆ అంకె ఆ ఇద్దరికే తెలుస్తుంది. కాగితమూ ఉండదు, సాక్షీ ఉండడు. తువ్వాలు తీశాక మాట తప్పినవాడికి మళ్ళీ ఎవరూ చెయ్యి అందించరు. ఇరవై రెండేళ్ళలో మల్లేశ్వరరావుకి ఒక్క పేచీ రాలేదు. ఆ ఏడు సీజను మొదట్లోనే వచ్చింది. విస్సన్నపేట వైపు నుంచి బంగినపల్లి తెచ్చే వెంకట్రామయ్యగారనే పెద్ద రైతు, తాను అయిదు వేళ్ళూ పట్టుకున్నానన్నారు. ఇతను నాలుగే అన్నాడు. మాటా మాటా పెరిగింది.

"ఇంత వయసొచ్చి అబద్ధమాడతారేంటండీ అని నలుగురి ముందూ మొహం మీదే అనేశాను" అన్నాడు మల్లేశ్వరరావు. షావుకారుగారు రైతు చెప్పిన ధరకే సరేనని పేచీ తెంపేశారు. ఇతన్ని తువ్వాలు దగ్గర్నుంచి తప్పించి లోపల ఫోన్ల దగ్గర కూర్చోబెట్టారు. "తిట్టినా బాగుండేదండీ. రైతు నోరు కొట్టే మనిషిననుకుంటున్నారు, అడగరు. ఇంట్లో చెప్పుకోలేదు. పొద్దున్నే ఈ తువ్వాలు భుజాన వేసుకునే వెళ్తున్నాను, అక్కడ దాంతో పనేమీ లేదు."

మర్నాడు డ్యూటీ దిగి సరాసరి ఆ కొట్టుకి వెళ్ళాను. రోగి పనిచేసే చోటికి వెళ్ళమని మా రూల్సులో ఎక్కడా లేదు. మూడు వారాల వైద్యం పనిచెయ్యనప్పుడు రూల్సు పట్టుకుని కూర్చునే ఓపిక నాకు లేదు. మల్లేశ్వరరావు బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ఫోను కుడి చెవికీ కుడి భుజానికీ మధ్య ఇరికించి, తల వాల్చి, లారీ నంబర్లు రాసుకుంటున్నాడు. అరగంట చూశాను. ఒక ఫోను అయితే ఇంకోటి, ఆ తల నిటారుగా నిలబడింది లేదు. ఎడమ చెవి చిన్నప్పట్నుంచీ మందమట, అందుకని ఎప్పుడూ కుడివైపే. నేను మూడు వారాలు సాగదీసిన మెడని ఇతను రోజంతా మళ్ళీ మడత పెడుతున్నాడన్నమాట.

"తువ్వాలు పట్టేటప్పుడూ ఫోను ఇలాగేనా?" అని అడిగాను.

"అంతేగదండీ! కాయ కొనే నాగపూర్ పార్టీ లైన్లో ఉండగానే రైతుతో తెగ్గొట్టాలి. ఒక చెయ్యి తువ్వాల్లో, ఒక చెయ్యి కాయ మీద. ఫోనుకి మూడో చెయ్యి ఎక్కణ్ణించి తెమ్మంటారు?"

నాకు అప్పుడు తట్టింది. మెడ అలా ఒకే పక్కకి ఏళ్ళ తరబడి నొక్కుకుంటే అక్కణ్ణించి బయల్దేరే నరం నలుగుతుంది. మెడ అడుగున ఉండే నరం చిటికెన వేలి దాకా పోతుంది. షావుకారుగారిని పిలిచాను. మల్లేశ్వరరావు కుడిచెయ్యి పట్టుకుని, అతని తువ్వాలే మీద కప్పించి, లోపల వేళ్ళు పట్టుకుని, ఎన్నో చెప్పమన్నాను.

"నాలుగండీ" అన్నాడు తడుముకోకుండా.

షావుకారుగారిని తువ్వాలు తీయమన్నాను. నా గుప్పిట్లో అతని వేళ్ళు అయిదూ ఉన్నాయి. చిటికెన వేలినైతే గోరు గుచ్చుకునేలా పట్టుకున్నాను. మల్లేశ్వరరావు ఆ వేలిని ఎడమచేత్తో గిల్లి చూసుకున్నాడు. ఆ వేలు కాస్త తిమ్మిరిగా ఉంటోందని తెలుసట, వయసనుకున్నాడట. తన నిజాయితీ రుజువైందన్న సంతోషం ఆ మొహంలో లేదు. "అయ్యో, అయ్యో! ఆ పెద్దాయన నిజమే చెప్పారండీ. నేను ఎంత మాటన్నాను!" అంటూ రెండో చేత్తో నెత్తి కొట్టుకున్నాడు. షావుకారుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

నాకు జాలీ వేసింది, సిగ్గూ వేసింది. మెడనొప్పి చెయ్యిలోకి లాగుతోందంటే ప్రతి వేలినీ సూదిమొనతో పరీక్షించాలి. అది మా మొదటి సంవత్సరం పాఠం. చీటీలో భుజం అని ఉందని నేను మోచేతి దగ్గరే ఆగిపోయాను. కేసు షీటులో నా పొరపాటు నేనే రాసి, అతన్ని మళ్ళీ డాక్టరుగారి దగ్గరికి పంపాను. ఆపరేషను అక్కర్లేదు, అలవాటు మార్చాలన్నారు.

అలవాటు మార్చడమే కష్టమైంది. ఇయర్‌ఫోన్ పెట్టుకోమన్నాను. బల్ల దగ్గరికి ఒప్పుకున్నాడు గానీ, మళ్ళీ తువ్వాలు పట్టే రోజొస్తే అక్కడ మాత్రం ససేమిరా అన్నాడు. "చెవిలో వైరుంటే అవతలెవరో నాకు నేర్పుతున్నారనుకుంటారండీ రైతులు. ఫోను పైకి కనిపిస్తేనే నమ్మకం." ఆ మాటలో న్యాయముంది. అయితే తువ్వాలు కప్పితే ఫోను కట్టెయ్యాల్సిందే అన్నాను. ఈసారి షావుకారుగారు గొల్లుమన్నారు, నాగపూర్ పార్టీ పక్క కొట్టుకి పోతుందని. "రెండు నిమిషాలాగితే మీ కాయ కుళ్ళిపోదు, వాళ్ళ ఆకలి చావదు" అన్నాను. నా నోటికి జడిసి ఒప్పుకున్నారు. తరవాతి సీజనులో అలాగే చేశారు, పార్టీ ఎక్కడికీ పోలేదు. పెద్ద ఫోన్లు నిలబడి తిరుగుతూ మాట్లాడటం, మోచెయ్యి గంటల తరబడి మడిచి ఉంచకపోవడం, రాసుకునేటప్పుడు ఫోను స్టాండులో పెట్టడం కూడా నేర్పాను.

ఆ ఆదివారమే మల్లేశ్వరరావు విస్సన్నపేట వెళ్ళి వెంకట్రామయ్యగారికి క్షమాపణ చెప్పుకున్నాడు. ఆయన ఇతని చిటికెన వేలు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారట. "ఓరి నీ అసాధ్యం కూలా! మొద్దుబారిందని ఒక్క ముక్క చెప్తే రెండుసార్లు నొక్కేవాణ్ణి గదయ్యా" అన్నారట. ఈ సంగతి చెబుతూ మల్లేశ్వరరావు నా ముందే ఏడ్చాడు, నవ్వాడు కూడా.

స్పర్శ మెల్లగా, ఆరేడు నెలలకి, చాలావరకు తిరిగొచ్చింది. మరుసటి సీజనులో అతన్ని మళ్ళీ తువ్వాలు దగ్గర నిలబెట్టారు. మొదటి రోజు మొదటి బేరం తనతోనే కావాలని వెంకట్రామయ్యగారు పట్టుబట్టి, తెల్లారకుండానే బండి తోలుకొచ్చారని విన్నాను.

అప్పటినుంచి రిటైరయ్యే దాకా, మెడనొప్పితో ఎవరొచ్చినా, గుమస్తా అయినా ఆఫీసరైనా, ఫోను చేతికిచ్చి, మాట్లాడుతూ రాసి చూపించమనేదాన్ని. "నేనలా ఇరికించనండీ" అని చెప్పినవాళ్ళే నా కళ్ళ ముందు ఇరికించేవారు. వాళ్ళు అబద్ధమాడలేదు, వాళ్ళకి తెలియదంతే. ఇద్దరి మాటలు కుదరకపోతే ఒకరిది అబద్ధమని నేనూ అనుకునేదాన్ని. నా ఉద్యోగం నేర్పింది వేరు: ముందు వేళ్ళు చూడాలి, తరవాత మనిషిని అనాలి.