మూతి మూయించే అంబాదాస్ మామ

మా అంబాదాస్ మామ వెనక గదిలోకి ఎవరు అడుగుపెట్టినా ముందు నోరు మూసుకోవాలి. పలకరించకూడదు, నవ్వకూడదు, ఆవులించకూడదు. మా ఇళ్లలో దేవుడి గదికి కూడా ఇంత మడి లేదు. అక్కడ ఉండేది పుట్టగొడుగుల విత్తనం. ఆలుగడ్డ ఉడికించిన నీళ్లలో చైనా గ్రాస్ వేసి, గాజు ప్లేట్లలో గడ్డ కట్టిస్తే, దాని మీద తెల్లటి నూగులా పెరుగుతుంది. మన నోటి గాలి తగిలితే బూజు పడుతుందని మామ భయం.

భయం నిజమే కావచ్చు. కానీ మామ అక్కడితో ఆగడు. బూజు కనబడిందంటే రంగు చూసి అది ఎవరి నోటిదో తేల్చేస్తాడు. ఆకుపచ్చది మాతో పనిచేసే యమునాబాయిదట, ఆమెకు మాటలెక్కువ గనక. నల్లది నాదట, నేను చాయ్ తాగి వచ్చాను గనక. చెడిన ప్లేటు మీద స్కెచ్ పెన్నుతో పేరు రాసి, వచ్చేపోయేవాళ్లకు కనబడేలా వీధి కిటికీలో పెడతాడు. నా పేరు ఆ కిటికీలో ఎండాకాలమంతా ఎండింది.

మామ మా ఊరి దాజీ పేట్‌లో పవర్‌లూమ్ మీద బతుకంతా గడిపిన మనిషి. మగ్గాల మోతలో మాట వినబడదు, అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. కార్ఖానా మూతపడ్డాక పుట్టగొడుగుల పని నేర్చుకుని వచ్చి, బీడీ పనివాళ్ల కాలనీ విడీ ఘర్కుల్‌లో తన ఇంటి వెనక గదిని మా ఆడవాళ్ల పొదుపు సంఘమైన బచత్ గట్‌కు ఇచ్చాడు. గదైతే ఇచ్చాడు గానీ నోరు మాత్రం లాక్కున్నాడు. ఒకసారి మా గట్ పెద్ద యమునాబాయి గుమ్మంలో నిలబడి జొన్నలు ఉడికాయని చెప్పింది. "చేతులు లేవా? చేతుల్తోని చెప్పు," అన్నాడు మామ. ఉడికిన జొన్నలను చేతులతో ఎట్లా చెప్పాలో ఆమె ఆ రోజంతా ఆలోచించింది.

ప్లేటులోంచి చిన్న ముక్క కోసి ఆ జొన్నల్లో వేస్తే విత్తనం తయారవుతుంది. ఆ జొన్నలను గడ్డి సంచుల్లో నింపితే పుట్టగొడుగులు మొలుస్తాయి. అందుకే ఆ తల్లి ప్లేట్లు చెడితే అందరి పనీ పోయినట్టే. వాటిని చెడగొట్టినవాళ్లు గట్‌లో ఉండకూడదని యమునాబాయి కట్టడి చేసింది. ఆ మాటకు అందరికన్నా ఎక్కువ హడలింది ఇదివరకు బీడీలు చుట్టి బతికిన బాలమణి. దగ్గు ముదిరిందని, తంబాకు ముట్టుకోవద్దని డాక్టర్ ఆమెకు చెప్పాడు. గట్‌లోంచి తీసేస్తే మళ్లీ బీడీల చాట ఒళ్లో పెట్టుకోవలసిందే.

మొన్న ఎండాకాలం మామకు తన తమ్ముడి బిడ్డ పెండ్లికి నారాయణపేట పోవలసి వచ్చింది. ప్రతి ప్లేటుకూ మూత పెట్టి, అంచుకు ప్లాస్టిక్ చుట్టి, తెల్ల నూలుతో నేతగాళ్ల ముడి వేసి, మా అందరికీ చూపించి, తాళంచెవి బాలమణికి ఇచ్చాడు. పెండ్లి పందిట్లోంచి ఫోన్ కూడా చేశాడు. బాలమణి "హలో" అనగానే, "గదిలున్నవా? మాట్లాడకు," అని పెట్టేశాడు.

పాపం, బాలమణి మాట్లాడలేదు. కానీ మూతల లోపల నీటి బొట్లు కనబడ్డాయి. తునికాకు మీద నీళ్లు నిలిస్తే ఆకు పాడవుతుంది, బొట్టు కనబడితే తుడవడం బీడీలు చుట్టే చేతికి అలవాటు. ముడులు విప్పి, మూతలెత్తి, ఇన్నాళ్లూ తునికాకులు చుట్టిపెట్టిన గుడ్డతోనే శుభ్రంగా తుడిచింది. తుడిచినంతసేపూ నోరు గట్టిగా మూసుకుందట. మళ్లీ కట్టబోతే నేత ముడి చేతకాలేదు, గులాబీ రంగు బీడీ దారంతో కట్టేసింది. ఇదంతా తర్వాత ఆమే నాకు చెప్పింది.

మామ తిరిగొచ్చి మమ్మల్ని పిలిచేసరికి ప్లేట్ల నిండా రంగురంగుల బూజు. గులాబీ దారం మా అందరి కళ్లకూ ఒక్కసారే కనబడింది. బాలమణి తలుపు వెనక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. మామ ఒక ప్లేటు ఎత్తి, ఆ ముడిని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. ఇక పేరు చదువుతాడనుకున్నాం.

"నేనే తుమ్మిన. పోయే ముందట," అన్నాడు.

"మరి గీ దారం ఏంది అన్న?" అంది యమునాబాయి.

"నేనే కట్టిన. నూలు ఐపోయింది."

ఆయన మోచేతి పక్కనే నూలు కోన్ నిండుగా ఉంది. యమునాబాయి కోన్‌ను చూసింది, మామను చూసింది, నోరు తెరిచింది.

"మూతి ముయ్యి యమునాబాయీ," అన్నాడు మామ.

మూసింది. మేమూ మూసుకున్నాం. ఆయన అన్నిసార్లు చెప్పినా ఏనాడూ ఇంత గట్టిగా మూసుకోలేదు. నాకు ఆ నిమిషం ఆయన మీద ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను. మామ స్కెచ్ పెన్ను తీసి చెడిన ప్లేట్ల మీద 'అంబాదాస్ తుమ్ము' అని రాసి కిటికీలో పెట్టాడు.

ఒక్క ప్లేటులో మాత్రం బూజు ఒక పక్కనే ఉంది. మామ బ్లేడు కాల్చి బాలమణి చేతికిచ్చాడు.

"నడుమ దట్టంగున్నది వద్దు. అంచుకు సన్నగ కొత్తగ పోతున్నది జూడు, బూజుకు దూరంగ. గా అంచే కొయ్యి."

ఆమె కళ్లు నిండాయి.

"కండ్లనీళ్లు గూడ పడొద్దు. అండ్ల ఉప్పుంటది."

కందిబేడంత ముక్క కోసి కొత్త ప్లేటులో పెట్టింది. అందులో పెరిగినదాని అంచు కోసి ఇంకో ప్లేటుకు, దాన్నుంచి మరో ప్లేటుకు మార్చింది. చివరికి బూజు లేని తెల్లటిది మిగిలింది. ఇప్పుడు మా సంచుల్లో మొలుస్తున్నవన్నీ దాని పిల్లలే.

తర్వాత ఒక సాయంత్రం చూస్తే మామ బాలమణి గడప మీద కూర్చుని, బీడీకి బదులు అగ్గిపుల్లకు గులాబీ దారం చుడుతూ కుస్తీ పడుతున్నాడు. ముడి జారిపోతోంది, బాలమణి మళ్లీ చూపిస్తోంది. ఇదేం పని మామా అని అడిగాను.

"నేనే కట్టిన అన్న గదా. రేపు ఎవరన్న కట్టి చూపియ్యమంటే?"

అప్పుడే కూరగాయల సంచితో వస్తున్న యమునాబాయి ఆగి, దారాన్ని, అగ్గిపుల్లను చూసింది. కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు అదురుతుండగా వెళ్లిపోయింది.